కొబ్బరిచిప్ప బొత్తాలు

"నాకేటి తెల్దమ్మ" అన్నాడు భీమన్న. ఆ ఉదయం అతనా మాట ఎన్నోసారి అన్నాడో లెక్కపెట్టడం ప్రసన్న ఎప్పుడో మానేసింది.

ప్రసన్న విశాఖపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్. తల్లిదండ్రులు ఏ ఆశతో ఆ పేరు పెట్టారోగానీ, నలభై అయిదేళ్లుగా ఆ పేరుకీ ఆమె ముఖానికీ పొంతన కుదరలేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పి, పనసగరువు గూడేనికి చేరేసరికి చెప్పులో రాయి దూరి, ఇంటింటికీ తిరిగాక చివరికి ఏమీ తెలియని ఈ వాచ్‌మన్ తగిలితే ఉన్న కాస్త ఓర్పూ ఆవిరైపోయింది.

"సరే. తెలిసినవే అడుగుతాను. నీ పేరు భీమన్నేనా?"

"అవునమ్మ."

"హమ్మయ్య, ఒకటి తెలిసింది. ఈ షెడ్డుకి వాచ్‌మన్‌వి. తాళాలు నీ దగ్గరే ఉండేవి. తుఫాను వస్తోంది, ఎవరూ ఇళ్లలోంచి కదలొద్దని ముందురోజే మైకులో చెప్పారు. విన్నావా?"

"విన్నానమ్మ."

"విన్నవాడివి పొద్దున్నే తాళం ఎందుకు తీశావు?"

భీమన్న బొటనవేలితో బురదలో గీతలు గీశాడు. "సరళ తియ్యమన్నాది. తీసినాను."

"సరళకి ఎవరు చెప్పారు?"

"నాకేటి తెల్దమ్మ."

ప్రసన్న కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. అరవడం వల్ల ఉపయోగం ఉంటే ఈపాటికి అరిచేసేదే.

జరిగింది చెప్పడానికి పెద్ద సమయం పట్టదు. మూడు వారాల కిందట ఆ తుఫానులో కొండచరియ జారి షెడ్డు వెనక గోడ మీద పడింది. లోపల చొక్కాలు కుడుతున్న గూడెం ఆడవాళ్లలో తొమ్మిదిమంది ఆసుపత్రి పాలయ్యారు. లైను సూపర్‌వైజరు సరళ చనిపోయింది. కుడుతున్న చొక్కాలు హాల్‌బ్రిన్ అనే విదేశీ బ్రాండువి. ఆ బ్రాండు ఆర్డరిచ్చింది విశాఖ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీకి. ఆ ఫ్యాక్టరీ తనకి మోయలేనంతా కొండమీదికి తోసేసింది.

హాల్‌బ్రిన్ వాళ్ల దేశంలో ఒక చట్టం ఉంది. తన బట్టలు ఎవరి చేత కుట్టిస్తోందో బ్రాండుకి తెలిసుంటే, వరదొచ్చినా తుఫానొచ్చినా ఆ కూలీల ప్రాణాలకి ఆ బ్రాండే పూచీ. తెలియకపోతే పూచీ లేదు. అందుకని హాల్‌బ్రిన్ చాలా సులువైన సమాధానం ఎంచుకుంది. ఆ షెడ్డు ఉందనే మాకు తెలియదు, సరళ అనే ఆమె ఆశకొద్దీ దొంగచాటుగా పని తెచ్చుకుని, తుఫానులో అందరినీ లాక్కొచ్చి ఈ ఘోరానికి కారణమైంది, అని ఒక ప్రకటన పారేసింది. చచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనలేదు కదా! సోమవారంలోగా రుజువు చూపించకపోతే అక్కడి కోర్టులో గూడెం ఆడవాళ్లు వేసిన నష్టపరిహారం దావా కొట్టుకుపోతుంది. ఆ ప్రకటనలో ఉన్నదే నిజమని మిగిలిపోతుంది.

ఇంకా కష్టమైన సంగతేమిటంటే, గూడెంలోనూ సగంమంది అదే నమ్ముతున్నారు. ఆ పొద్దున ఇంటింటికీ తిరిగి పిలిచింది సరళే మరి. ఆమె తల్లి సోములమ్మ నీళ్లకి వస్తే మిగతా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ప్రసన్న తన కళ్లతోనే చూసింది.

ఆమె జేబులో ఫోను కుయ్‌మంది. సర్వేశ్వరరావు. 'కొండవెలుగు' అనే సేవాసంస్థకి అధిపతి. ఈ షెడ్డు కట్టించింది ఆయనే, గిరిజన స్త్రీలకి కుట్టుపని నేర్పించడానికట. తన శిక్షణ కేంద్రంలో విదేశీ సరుకు ఎలా వచ్చిపడిందో తనకే అంతుబట్టలేదనీ, తుఫాను రోజున తను హైదరాబాదులో ఉన్నాననీ, సరళ అన్యాయమైపోయిందనీ కళ్లనీళ్లు పెట్టుకుని ప్రసన్నని పనిలో పెట్టుకున్నాడు.

"దొరికిందా?" అన్నాడు.

"ఏది?"

"అదే, ఏదైనా."

"ఏదైనా ఇంకా దొరకలేదండీ."

"దొరకగానే ముందు నాకు చెప్పండి. ఇంకెవరికీ వద్దు. అందరూ అమ్ముడుపోయేవాళ్లే." చప్పున పెట్టేశాడు, సిగ్నలే పోయిందో ఏమో.

నిన్నటినుంచీ ఇదే వరస. దొరికిందా అంటాడు, ఏం దొరకాలో చెప్పడు. ఇలాంటి మనుషుల దగ్గర పనిచేసేకంటే కాఫీ గింజలు ఏరుకోవడం నయం అనుకుంటూ ఆమె షెడ్డులోకి నడిచింది.

షెడ్డు కడిగిన గిన్నెలా ఉంది. మెషీన్లు లేవు, బల్లలు లేవు, కార్టన్లు లేవు. బ్రాండు లేబుల్ ముక్క సరే, చింపిన గుడ్డ పీలిక కూడా లేదు. 'భద్రత కోసం' హాల్‌బ్రిన్ పంపించిన మనుషులు మొత్తం ఊడ్చుకెళ్లారు. ఇళ్లకి తీసుకెళ్లిన పీలికలు కూడా అడిగి మరీ పట్టుకెళ్లారట. కొండమీది ఆడవాళ్లెవరో తెలియదనే బ్రాండుకి వాళ్ల ఇళ్లల్లో పీలికలు మాత్రం తెలుసు.

కానీ ఊడ్చేవాళ్లకి ఒక దురలవాటు ఉంటుంది. కిందికే చూస్తారు. ప్రసన్న పైకి చూసింది.

సూపర్‌వైజరు బల్ల ఉండే చోట, దూలానికి కట్టిన తీగ వేలాడుతోంది. తీగ చివర ఖాళీ క్లిప్పు. ఆమె వెంటనే నిటారుగా నిలబడింది. బట్టల ఎగుమతి కేసులు ఇదివరకు రెండు మూడు చూసింది కాబట్టి అక్కడ ఏం వేలాడుతుందో తెలుసు. సీలు వేసిన శాంపిల్. బ్రాండు మనిషి ఒప్పుకుని, సంతకం పెట్టి, సీలు బిగించిన ఒక్క చొక్కా. లైనులో ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూస్తారు. అది రాకుండా ఏ లైనూ మొదలుకాదు.

ఆమె మోకాళ్లమీద కూర్చుని నేల పగుళ్లలో పుల్లతో కెలికింది. తెల్ల ప్లాస్టిక్ బొత్తాలు వచ్చాయి, ఒకటీ అరా కాదు, ప్రతి పగులులోనూ ఉన్నాయి. నెలల తరబడి జారిపడ్డవి. తలుపు దగ్గర మొదటి మెషీను ఉండే మూల మాత్రం వేరేవి దొరికాయి. గోధుమరంగు, గరుకుగా, కొబ్బరిచిప్పతో చేసినవి. రెండే రెండు. షెడ్డు అంతా వెతికినా అలాంటివి ఇంకెక్కడా లేవు.

వాటిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. మొట్టమొదటిసారి ఆ రోజున ఆమెకి విసుగు తగ్గింది.

"మేడమ్, నేల తవ్వుతున్నారా? పాపం, అంత అవస్థ ఎందుకు?"

తలుపు దగ్గర తరుణ్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, బురద అంటని బూట్లు. కొండమీద బురద అంటకుండా ఎలా నడుస్తాడో ఆ దేవుడికే తెలియాలి. హాల్‌బ్రిన్ తరఫున విచారణకి వచ్చిన ఏజెన్సీ మనిషి. గూడెంలో ఏ గడప తొక్కినా అంతకుముందే ఇతను తొక్కి వెళ్లాడని తెలుస్తోంది. ఆ గడపలో మనుషులందరికీ హఠాత్తుగా మతిమరుపు వచ్చేసి ఉంటోంది.

"మీ మనుషులు బాగా ఊడ్చారు" అంది ప్రసన్న, బొత్తాలు పిడికిట్లో మూసేసి.

"ప్రమాద స్థలం కదా. మళ్లీ ఎవరికైనా ఏదైనా అయితే మాకే చెడ్డపేరు."

"మీకెందుకు చెడ్డపేరు? ఈ షెడ్డు మీకు తెలియదుగా."

తరుణ్ నవ్వాడు. "మాటలు పట్టుకోవడం మీ వృత్తి. చట్టం పట్టుకోవడం నాది. తెలియని యూనిట్‌కి బ్రాండు పూచీ పడదు. ఒకవేళ తెలిసిందే అనుకున్నా, తుఫాను దైవ ఘటన. కాంట్రాక్టులో రాసే ఉంటుంది."

"దైవం ఘటించింది వాన. పనికి రమ్మని ఇంటింటికీ కబురు పెట్టింది దైవం కాదు."

"అది సరళ."

"సరళకి ఆ వేళ కొత్త శాంపిల్ ఎవరు తెచ్చిచ్చారు?"

అతని నవ్వు చెదరలేదుగానీ సమాధానం ఒక్క క్షణం ఆలస్యమైంది. "ఏ శాంపిల్? మేడమ్, తుఫానుకి మూసుకుపోయిన రోడ్డు తెరిచాకే నేను మొదటిసారి ఈ కొండ ఎక్కాను. ఇక్కడ మా చొక్కా అన్నది నేను కంటితో చూడలేదు. అడగండి, ఎవర్నైనా అడగండి."

"అడుగుతున్నాను. మీరు ముందే వెళ్లి అడగొద్దని చెప్పొస్తున్నారు."

"సోమవారం దాకా అడుగుతూనే ఉండండి." అతను తిరిగి వెళ్లిపోతూ భీమన్న భుజం మీద చెయ్యి వేశాడు, స్నేహంగానే. భీమన్న మాత్రం చలిజ్వరం వచ్చినవాడిలా ముడుచుకుపోయాడు.

ప్రసన్నకి ఒళ్లు మండిపోయింది. తరుణ్ బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, భీమన్న ముందు బొత్తాలు పెట్టింది.

"ఇవిగో. అన్నాళ్లూ తెల్ల బొత్తాలు కుట్టారు. ఇవి మాత్రం రెండే జారిపడ్డాయంటే, ఇవి కుట్టింది ఒక్క పూటే. గోడ కూలిన పూట. బొత్తాం మారిందంటే శాంపిల్ మారాలి. శాంపిల్ మారిందంటే సంతకం పెట్టేవాడు దాన్ని తెచ్చి ఉండాలి. ఆ వానలో ఈ కొండమీదికి ఎవడో వచ్చాడు భీమన్నా. గేటు తీసినవాడివి నువ్వు. ఇంకోసారి 'ఏటి తెల్దు' అన్నావంటే ఆ మాట నీ పేరుగా రాసుకుంటాను."

అతను ఒక బొత్తాన్ని వేలితో తిప్పి చూశాడు.

"జీపొచ్చినాదమ్మ" అన్నాడు చివరికి. "కిరాయి జీపు. లోన ఇద్దరున్నారు. ఒకలు దిగినారు, రెయిన్‌కోటు, తలమీద టోపీ. మొకం కానరానేదు. రెండోవోలు దిగనేదు, అద్దాలకి ఆవిరి కమ్మేసినాది."

"దిగినవాడు?"

"కవరొకటి సరళ సేతిలో ఎట్టినాడు. సరళ గొడవాడినాది. కొండ మట్టి కారతంది బాబూ, గుంటల్ని, ఈ ఆడపిల్లల్ని, ఇళ్లకి పంపించెయ్యండి అన్నాది. ఆయనొప్పుకోనేదు. ఓడ ఎల్లిపోద్ది, ఇయ్యాల అవ్వకపోతే రేపటినుండి మీ గూడేనికి పనే నేదు అన్నాడు. సరళ జీపులో ఉన్నాయన కాడికెల్లి కూడా దండం ఎట్టినాది. బేగి ముగించీయండని అద్దంలోంచి సెయ్యూపినాడు."

ప్రసన్న బొత్తాలు మళ్లీ పిడికిట్లోకి తీసుకుంది. "ఇది మూడు వారాలు కడుపులో పెట్టుకున్నావా? ఆ పిల్ల తల్లి నీ ఎదురుగానే బిందె పట్టుకుని ఏడుస్తూ తిరుగుతోందే!"

"తాళాలు నా కాడున్నాయి కదమ్మ. నోరిప్పితే కేసు నామీదికే ఒత్తాదన్నారు. నాకూ పిల్లలున్నారు." అతను కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కోపమూ జాలీ ఒకేసారి వస్తే ఏది ముందు చూపించాలో ప్రసన్నకి ఎప్పుడూ తెలియదు.

"ఆ చొక్కా ఏమైంది?"

"మట్టి తీసినప్పుడు సరళ సేతిలోనే ఉన్నాది. గట్టిగా పట్టుకునుంది."

"తర్వాత?"

భీమన్న ఆమెని వింతగా చూశాడు, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "సచ్చినప్పుడు సేతిలో ఉన్నది సచ్చినోలిదే కదమ్మ. సచ్చినోలికే ఇచ్చీసినాం."

తరుణ్ మనుషులు ప్రతి ఇల్లూ వెతికారు, ప్రతి అటకా దులిపారు. చచ్చినవాళ్ల వైపు మాత్రం తొంగి చూడలేదు. ప్రసన్న చెప్పులో రాయి సంగతి కూడా మరిచిపోయి పైకి నడిచింది.

కాఫీ తోట దాటాక కొండ వాలులో గూడెం వాళ్ల శ్మశానం ఉంది. సరళ సమాధి కొత్తది కాబట్టి దూరంనుంచే తెలిసిపోయింది. తల దగ్గర వెదురు గడ పాతారు. గడకి ఆమె తిన్న పళ్లెం, ఆమె కత్తెర, ఆమె గొడుగు కట్టి ఉన్నాయి. వాటి పక్కన, అడ్డంగా కట్టిన కర్రకి తొడిగి, ఒక నీలం చొక్కా. దానికి కొబ్బరిచిప్ప బొత్తాలు.

సమాధి పక్కన సోములమ్మ ఒక్కతే కూర్చుని కలుపు పీకుతోంది. ప్రసన్న రెండు చేతులూ జోడించి, వచ్చిన పని చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. ఈ చొక్కామీద సీలు ఉంటుందనీ, సీలు మీద సంతకం ఉంటుందనీ, అది చూపిస్తే సరళ ఎవరినీ చంపలేదని లోకానికి తెలుస్తుందనీ చెప్పింది.

సోములమ్మ శ్రద్ధగా విన్నది. "మంచిదమ్మ" అంది. "దాన్ని సాగనంపే పెద్దదినం అయిపోనియ్యి. అప్పుడు తీసుకో."

"పెద్దదినం ఎప్పుడు?"

"పంట ఇంటికొచ్చినాక."

"అమ్మా, సోమవారంతో గడువు అయిపోతుంది!"

"అప్పుడుదాకా ఎవులూ ముట్టకూడదు. నానూ ముట్టను. ముట్టితే నా గుంట ఎనక్కి తిరిగి సూత్తాది. దానికి దారి తప్పిపోద్ది."

ప్రసన్న వాదించింది. బతిమాలింది. నీ కూతురి పరువు కంటే ఆచారం ఎక్కువా అని కూడా అనేసింది, అన్నాక నాలుక కరుచుకుంది. సోములమ్మ కోపగించుకోలేదు. "పరువు నాకు కావాలమ్మ. దాని దారి దానికి కావాల" అంది, మళ్లీ కలుపు పీకడం మొదలుపెట్టింది.

విసుగుతో ప్రసన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు వారాలుగా అందరూ వెతుకుతున్నది చేతికందే దూరంలో గాలికి ఊగుతోంది, ముట్టుకోవడానికి వీల్లేదు. పోనీ ముట్టకుండా చదువుదామని గడ చుట్టూ తిరిగి, మునివేళ్లమీద లేచి, చొక్కా మెడ లోపలికి తొంగి చూసింది. సీలు ఎప్పుడూ మెడ దగ్గరే బిగిస్తారు. అక్కడ ఏమీ లేదు. కుట్టు విప్పిన గుర్తు కూడా లేదు. సీలు లేని చొక్కా వట్టి చొక్కా.

"ఇక్కడుందా ఇది!"

తరుణ్ ఆయాసపడుతూ వాలు ఎక్కి వస్తున్నాడు. ఈసారి బూట్లకి బురద అంటింది. బండి చప్పుడు దూరం పంపించి తను మాత్రం వెనకాలే వచ్చాడన్నమాట. అతని వెనక, దారిలో ఆ పరుగు చూసి ఏం ముంచుకొచ్చిందోనని సంతనుంచి వస్తున్న గూడెం ఆడవాళ్లు బుట్టలతో సహా పోగయ్యారు. భీమన్నా వాళ్లలో ఉన్నాడు.

"ఇది కంపెనీ సొత్తు" అన్నాడు తరుణ్.

"ఒక్క చొక్కా కూడా కంటితో చూడలేదన్నారు. మీదని ఎలా తెలిసింది?"

"వాదన తర్వాత." అతను సమాధిమీద అడుగు వేశాడు. ఆడవాళ్లంతా ఒక్కసారి కెవ్వుమన్నారు. అతనికి వినిపించలేదు. మెడ దగ్గర చూడలేదు. జేబులు తడమలేదు. తిన్నగా ఎడమ చేతి మడత పట్టుకుని, సర్రున పైకి తిప్పి, లోపలినుంచి ఒక చిన్న అట్టముక్కని బయటికి లాగాడు. లామినేషన్ చేసిన ముక్క, దాని తాడుకి సీసపు సీలు. తెంపబోయాడు.

సోములమ్మ అతని మణికట్టు పట్టుకుంది. జీవితమంతా పోడు నరికిన చెయ్యి అది. అతను విదిలించుకోలేకపోయాడు.

"ఒగ్గీ" అంది.

"ఒక్క మాట తరుణ్ గారూ" అంది ప్రసన్న, ఫోను కెమెరా అతని మీదే పెట్టి. ఆమె గొంతులో ఆ రోజున తొలిసారి ప్రసన్నత వినిపించింది. "సీలు ప్రపంచమంతా మెడ దగ్గర బిగిస్తారు. నేనూ అక్కడే వెతికాను, ఈ కొండమీద ఎవరు వెతికినా అక్కడే వెతుకుతారు. లేని షెడ్డులో ఉన్న శాంపిల్ కాబట్టి, పైకి కనబడకుండా చేతి మడతలో దాచారు. అది అక్కడుందని తెలిసేది ఒక్కడికే. బిగించినవాడికి."

తరుణ్ పట్టు వదిలేశాడు. తిప్పిన మడత తిప్పినట్టే ఉండిపోయింది. అట్టముక్క బయటికి వేలాడుతోంది. ఇప్పుడు దాన్ని ముట్టనక్కర్లేదు. ప్రసన్న దగ్గరికి వెళ్లి పైకే చదివింది. "పనసగరువు యూనిట్. బొత్తాం మార్పు ఆమోదించడమైనది. హాల్‌బ్రిన్ తరఫున, తరుణ్." తేదీ కూడా చదివింది. అది తుఫాను రోజు. ఏ ఆడమనిషికీ క్యాలెండరు అక్కర్లేకుండా తెలిసిన రోజు.

"ఈయనేనమ్మ" అన్నాడు భీమన్న గట్టిగా. "మొకం సూడనేదుగానీ, గొంతు ఈయందే. ఓడ ఎల్లిపోద్దన్న గొంతు. సరళ ఒద్దన్నాది. మీ అందర్నీ ఇళ్లకి పంపమని కాళ్లట్టుకున్నాది. నానే నోరిప్పనేదు."

ఆడవాళ్లలో ఒకామె, చెయ్యి విరిగి కట్టుతో ఉన్నామె, బుట్ట కింద పెట్టి మెల్లగా సోములమ్మ పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత ఇంకొకామె. బిందెలు పక్కకి తప్పించుకున్నవాళ్లే.

తరుణ్ తన చొక్కా సర్దుకున్నాడు. "ఫొటోలు ఎవడైనా తయారుచేస్తాడు మేడమ్. వస్తువు లేకుండా కోర్టు నమ్మదు. మీరు ముట్టరు, వీళ్లు ముట్టనివ్వరు. వానొచ్చేలా ఉంది." వెళ్తూ వెళ్తూ ఆగి, ఎందుకోగానీ జాలిగా చూశాడు. "మీరు ఎవరికోసం పనిచేస్తున్నారో మీకైనా తెలుసా?"

పోయేవాడి ఉక్రోషం అనుకుంది ప్రసన్న. అతనన్న దాంట్లో ఒకటి మాత్రం నిజం. వస్తువు కావాలి. తీయడానికి వీల్లేకపోతే అధికారులే ఇక్కడికి రావాలి, ఉన్నది ఉన్నచోటే పంచనామా చెయ్యాలి. గూడెంలో నిలవని సిగ్నల్ శ్మశానంలో నిండుగా ఉంది. ఆమె సర్వేశ్వరరావుకి ఫోను చేసి గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది. చొక్కా ఎక్కడుందో, సీలు ఏ చేతిలో ఉందో, అన్నీ.

ఆయన చివరిదాకా అడ్డురాకుండా విన్నాడు.

"బంగారంలాంటి మాట చెప్పారు. నేను అరకులోనే ఉన్నాను. తహసీల్దారుని వెంటబెట్టుకుని బయల్దేరుతున్నా. ఇంకెవరికీ చెప్పకండి. ఫొటోలు కూడా ఎవరికీ పంపకండి."

ప్రసన్న తేలిగ్గా ఊపిరి వదిలి సోములమ్మ పక్కన చతికిలబడింది. చెప్పు విప్పి రాయి దులిపింది. ఎవరో మంచినీళ్లిచ్చారు. కట్టు ఉన్నామె సోములమ్మ వీపు నిమురుతోంది.

"మొదట్నుంచీ దాన్నే తిట్టుకున్నాం పిన్నీ" అంది.

"దానికి తెల్దులే" అంది సోములమ్మ. "ఇప్పుడు తెలిసుంటాది."

తడిగాలి ఒకటి లోయలోంచి లేచింది. పళ్లెం కత్తెరకి తగిలి గణగణమంది. అట్టముక్క గిరగిరా తిరిగి, వెనకవైపు ఇటు చూపించి ఆగింది. ప్రసన్న ఊరికే అటు చూసింది. వెనక కూడా రాసి ఉంది.

'యూనిట్ తరఫున శాంపిల్ అందుకున్నవారు' అన్న అచ్చు. ఆ కింద సంతకం. తేదీ అదే.

ఆ సంతకం ఆమెకి కొత్త కాదు. తనని పనిలో పెట్టుకున్న కాగితం మీద, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆయన తన ముందే పెట్టాడు దాన్ని. కిరాయి జీపులోంచి దిగని రెండో మనిషి. అద్దంలోంచి చెయ్యి ఊపిన మనిషి. ఏం దొరకాలో చెప్పకుండా దొరికిందా, దొరికిందా అని ప్రాణం తీసిన మనిషి. తన సంతకం ఎవరి కంటా పడకముందే, తరుణ్ కంటే ముందు ఈ చొక్కా తన చేతికి రావాలని ఒక డిటెక్టివ్‌ని కొనుక్కున్నాడు. ఆమె శుభ్రంగా వెతికిపెట్టి, దారి కూడా చెప్పింది. ఇంత బుద్ధితక్కువ పని పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు.

"ఏటమ్మ, మొకం అలగైపోనాది?" అంది సోములమ్మ. "ఎనకాల ఎవుల పేరున్నాది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "సర్వేశ్వరరావు."

సోములమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె చెయ్యి తెలియకుండానే సమాధి మట్టిమీదికి వెళ్లింది.

"బాబుగారా?" అంది. "దారి తెరిసిన నాడు ఆయనే కదమ్మ వొచ్చి, నా కూతురులాటిది అని ఏడిసి, నా గుంటమీద మొదటి పిడికెడు మట్టి ఏసినాడు?"

ప్రసన్న ఫోను తీసింది, ఫొటోలు ఎవరికి పంపాలా అని కాదు, ఎంతమందికి పంపగలనా అని. అప్పటికే కింద కాఫీ తోట మలుపులో జీపు హారన్ మోగింది. ఒక్క జీపే. తహసీల్దారు బండి జాడ లేదు.

భీమన్న కర్ర కోసం వంగాడు. సోములమ్మ వద్దని చెయ్యి ఊపింది. ఆడవాళ్లు తమంతట తామే దగ్గరికి జరిగి, గడ చుట్టూ మోకాళ్లకి మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత జాగా మాత్రం సోములమ్మ తన ఎదురుగా ఖాళీగా ఉంచింది.

"రానీ" అంది. "ఆ మట్టి ఏసినకాడికే రానీ."